ఎడమ మడ్‌గార్డు కింద పేరు

శ్రీకాకుళం,
12 ఆగస్టు 2024

అత్తకు తిరుమల నమస్కారాలు.

నీకు చెవులు వినబడటం మానేశాక ఫోన్లో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే ఉంది. నేనేం చెప్పినా "ఆ, ఆ, సరే" అని పెట్టేస్తున్నావు. మంచి ఫోను కొనిస్తాను, రాసుకుందాం అంటే వద్దన్నావు. కాబట్టి పోస్టాఫీసు వాళ్ళకి మళ్ళీ మన వల్ల పని దొరికింది.

సంగతి ఏమిటంటే, బండి వచ్చింది. మన తాత తోలిన బండి. నిన్న లారీ మీద వేయించి నా షెడ్డుకి తెచ్చాను. నువ్వు నమ్మవు. నాన్న బతికుంటే ఆయనా నమ్మేవాడు కాదు.

జమీందారు గారి చిన్నబాబు, జగన్నాధం గారు, విజయనగరంలో ఉంటున్నారని నీకు తెలుసుగా. ఎనభై ఆరేళ్ళు. మన ఊళ్ళో ఉన్న వాళ్ళ బంగళా అమ్మేస్తూ, వెనక షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టి ఉన్న కారు కోసం నాకు కబురు పెట్టారు. పాత కార్లు బాగుచేస్తానని ఎవరో చెప్పారట. "నువ్వు ఎల్లాజీ మనవడివి. నీ దగ్గర ఉంటేనే దానికి బాగుంటుంది, తీసుకుపో" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు.

దాని పేరు ఆష్‌బీ. ఇంగ్లండు బండి. ఆ కంపెనీ కార్లు చెయ్యడం మానేసి యాభై ఏళ్ళు దాటింది కానీ, తాము చేసిన ప్రతి బండి పుట్టుపూర్వోత్తరాలూ రిజిస్టర్లలో దాచి, వాటికోసమే ఒక ఇల్లు పెట్టుకున్నారు. ఛాసిస్ నంబరు రాసి పంపితే అక్కడి ఆవిడ నాలుగు రోజుల్లో జవాబిచ్చింది. 1937లో మద్రాసు రేవులో దిగిందట. ముదురు ఎరుపు రంగు. కంపెనీ మనిషి మద్రాసులో మూడు వారాలు డ్రైవర్లకి పని నేర్పి, ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాడట. ఆ బిళ్ళ ఉన్నవాడు తప్ప ఇంకొకరు స్టీరింగు ముట్టుకోకూడదని వాళ్ళ నియమం. ఆ జాబితా ఫోటో తీసి పంపింది. అందులో ఉంది అత్తా, "ఎల్లాజీ, చికాకోల్" అని, దొరల నోట మన శ్రీకాకుళం. ఇంగ్లండు వాళ్ళ పుస్తకంలో మన తాత పేరు! షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను.

ఇంకో చిత్రం. ప్రతి కారు తయారీకీ ఎవడైతే జవాబుదారో, వాడు ఎడమ మడ్‌గార్డు లోపలివైపు తన పేరు గీకేవాడట. ఉందేమో చూసి చెప్పమంది. మట్టి కడిగాక చూస్తాను.

డిసెంబరు 15న విశాఖలో పాత కార్ల ప్రదర్శన. ఆ రోజుకి దీన్ని నడిపించాలి. పక్కన తాత ఫోటోతో ఒక బోర్డు పెడతాను. "పిల్లని చంపిన ఎల్లాజీ" అని ఊరు ఊరంతా అంటే, నాన్న చచ్చేదాకా తల దించుకునే తిరిగాడు. తోలింది తాత కాదనీ, పెద్దింటి అబ్బాయి, అంటే ఈ చిన్నబాబు గారే, చేసిన పని ఆయన నెత్తిన పడిందనీ నాయనమ్మ చెప్పేది గుర్తుందిగా? ఆ మాట ఇప్పటికైనా నలుగురిలో చెప్పాలి.

నువ్వు రావాలి. పుట్టి బుద్ధెరిగి కారెక్కని మనిషివి, పెళ్ళికి కూడా బస్సులో వెళ్ళిన పెళ్ళికూతురివి. దీనిలో మాత్రం ముందు సీటు నీదే.

తిరుమల


శృంగవరపుకోట,
20 ఆగస్టు 2024

ఒరే తిరుమలా,

ఉత్తరం అందింది. పోస్టుమాన్ నా చేతిలో పెట్టి, "సంతకం పెట్టమ్మా, స్పీడు పోస్టు" అని అరిచాడట. మూడోసారి పక్కింటి పిల్ల వచ్చి చెబితేగాని తెలియలేదు. వాళ్ళమ్మకి పురుడు పోసింది నేనే. పుట్టినప్పుడు ఇంత గొంతు లేదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. సంతలో బీరకాయలు బాగున్నాయి, మోకాళ్ళు బాగాలేవు. నర్సు ఉద్యోగంలో ఊరూరా నడిచిన కాళ్ళు కదా, ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాయి.

బండి సంగతి. తిరిగి ఇచ్చేయరా. నీకు బాగుచెయ్యడానికి ఇంక బళ్ళే దొరకలేదా? అరవై ఏళ్ళు ఇటుకల మీద నిలబడిందంటే దానికి అక్కడే బాగుందని అర్థం. ఇవ్వలేనంటే, ఎడమవైపు ముట్టుకోకు. ఆ మడ్‌గార్డు ఎలా ఉంటే అలా ఉంచి పైన రంగు వేసుకో. బోర్డూ గీర్డూ పెట్టకు. చచ్చినవాళ్ళకి బోర్డులెందుకు?

నన్ను విశాఖ రమ్మనకు. రాను. ఈ మాట కోపంతో రాస్తున్నానని అనుకోకు. నువ్వంటే నాకు ప్రాణం, మా అన్న కొడుకువి.

వేళకి తిను. ఆ షెడ్డులో ఒంటరిగా కూర్చోకు.

అత్త


శ్రీకాకుళం,
28 సెప్టెంబరు 2024

అత్తకు,

నువ్వు వద్దన్నది చేశాను. ముందే ఒప్పుకుంటున్నాను.

రంగు పట్టలేదు. గంగులు నీకు తెలుసు కదా, ముప్ఫై ఏళ్ళుగా రంగులు కొడుతున్నవాడు. బండి అంతా అద్దంలా వచ్చింది. ఎడమ మడ్‌గార్డు మీద, లైటు పక్కన, అరచేయంత చోట మాత్రం పొక్కులు లేచాయి. గీకి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అక్కడే. మూడోసారి కొట్టి, ఎండలో ఆరబెట్టి, చూసి, బ్రష్షు కింద పడేశాడు. "బాబూ, దీనికి రంగు పట్టదు. ఎవులో పిల్ల ఇక్కడ సెయ్యెట్టి నిలబడిపోనాది. నాను సెయ్యను, ఇంకొకల్ని సూసుకో" అన్నాడు. నిమ్మకాయలు కట్టి వెళ్ళిపోయాడు.

నేను మెకానిక్కుని. లోపల చెమ్మ ఉందనుకున్నాను. గీకి చూస్తే, అక్కడ రేకు సొట్టపోయి ఉంటే ఎవరో సీసం కరిగించి పోసి నునుపు చేశారు. ఎంత బాగా చేశారంటే వేలితో రాస్తే తెలియదు. ఆ సీసం తీసేశాను. తీసి, లోపలివైపు కడిగితే రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఇంగ్లీషులో, కంపెనీ వాడిది, "టి. వెబ్". దాని కింద మేకుతో గీకినట్టు తెలుగులో "చిన్నతల్లి" అని.

చనిపోయిన పిల్ల పేరే కదా అది?

ఇంకోటి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఎడమవైపు ఎక్కడానికి ఫుట్‌బోర్డు ఉంటుంది కదా. మొన్న మిట్టమధ్యాహ్నం, షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. బండి ఎడమవైపుకి కొంచెం వంగింది. తేలికైన మనిషెవరో ఎక్కి నిలబడితే ఎలా వంగుతుందో అలా. కాసేపుండి మళ్ళీ లేచింది. స్ప్రింగులన్నీ విప్పి చూశాను, ఏ లోపమూ లేదు. నిన్న మళ్ళీ వంగింది. భయమేసింది అత్తా. యాభై ఏళ్ళవాణ్ణి, బయటికి పరిగెత్తాను.

నీకేదో తెలుసు. ఎందుకు చెప్పవు? చిన్నబాబు గారి వాళ్ళంటే భయమా? లేకపోతే తాత బండి నేనొక్కణ్ణే తెచ్చుకున్నాను, నీకొక మాటైనా చెప్పలేదని మనసులో పెట్టుకున్నావా? అలాగైతే బండిలో సగం నీదే. ఆయన కూతురివి.

తిరుమల


శృంగవరపుకోట,
6 అక్టోబరు 2024

తిరుమలా,

సగం నాదా! పళ్ళూడిపోయిన ముసలిదాన్ని, సగం కారు ఏం చేసుకోను, ముందు సగమా వెనక సగమా? నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మీ నాన్న పోయాక నీకు తప్ప ఎవరికీ ఉత్తరం రాయని దాన్ని. నా గురించి నువ్వు అనుకున్నది ఇదా?

ఆ సీసం మీ తాత పోసింది. అది కూడా నువ్వు తీసిపారేశావు. ఏడాదిన్నర జైలు చేసి వచ్చాక చిన్నబాబు గారి కాళ్ళావేళ్ళా పడి, ఆ షెడ్డు తాళం అడిగి, వారం రోజులు ఒక్కడే కూర్చుని ఆ సొట్ట బాగుచేశాడు. ఆ తర్వాత చచ్చేదాకా ఏ బండి మీదా చెయ్యి వెయ్యలేదు. పేరు గీకాడని నాకు తెలియదు. నువ్వు రాస్తేనే తెలిసింది. జవాబుదారు ఎవరైతే వాళ్ళ పేరు రాయాలని వాళ్ళ నియమం అన్నావు కదా. ఆయన తన పేరు రాసుకోలేదు చూశావా.

చిన్నతల్లి పడవ రేవు నడిపే వాళ్ళ పిల్ల. నా ఈడుదే, తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళ మధ్య సందు, దానిలోంచి ఈల వేసేది. నాకు నేర్పించింది, నాకు రాలేదు. నవ్వితే ఒళ్ళంతా నవ్వేది. దాని చెల్లెలు లక్ష్మణమ్మ ఇంకా ఊళ్ళోనే ఉంది. నువ్వు బోర్డు పెట్టి, పేపర్లో వేయించి ఆ పాత పుండు కెలికితే ఆవిడ ఎంత బాధపడుతుందో ఆలోచించు. అందుకే వద్దంటున్నాను. వేరే ఏమీ లేదు.

చెవులు పోయి నాలుగేళ్ళయింది. బయటి సద్దు ఏదీ రాదు. లోపలిది మాత్రం, తొమ్మిదేళ్ళప్పుడు విన్నది, ఇదివరకటి కన్నా బాగా వినిపిస్తోంది. డాక్టరుకి చెబితే మందు రాస్తాడు కానీ నమ్మడు.

బండి వంగితే వంగనీ. పరిగెత్తకు. పిల్లలు భయపడతారు.

అత్త


శ్రీకాకుళం,
18 నవంబరు 2024

అత్తకు,

దొరికింది! తాత తప్పు చెయ్యలేదని రుజువు దొరికింది.

డ్రైవరు సీటు తోలు విప్పించాను. కింద స్పాంజి, కొబ్బరి పీచు, దాని అడుగున దాచిపెట్టినట్టు మందపాటి టేకు చెక్క. కంపెనీ పెట్టింది కాదు, మనవాళ్ళెవరో కొలిచి కోసి పెట్టింది. దాన్ని సీటు మీద వేస్తే బెత్తెడు ఎత్తు లేస్తుంది. ఎవరికి కావాలి అంత ఎత్తు? తాత ఆరడుగుల మనిషి, ఆ చెక్క మీద కూర్చుంటే తల పైకప్పుకి తగులుతుంది. చిన్నబాబు గారు పొట్టి. ఇప్పుడు చూసినా నా భుజం దాకా రారు. బిళ్ళ లేకుండా స్టీరింగు ముట్టుకోకూడదన్న నియమం ఉంది కాబట్టి దొంగచాటుగా నేర్చుకోవడానికి చేయించుకున్న చెక్క అది. ఇంకేం కావాలి?

నిన్న ఆ చెక్క సంచిలో పెట్టుకుని విజయనగరం వెళ్ళాను. పడక్కుర్చీలో ఉన్నారు. చెక్క ఆయన ఒళ్ళో పెట్టి, "ఇది మీదే కదండీ, ఆ రోజు తోలింది మీరే కదా" అన్నాను. ఆయన దాన్ని చాలాసేపు నిమిరారు. తర్వాత అడిగారు, "ఈ చెక్క సంగతి మీ అత్తకి రాశావా?" అని. లేదన్నాను. "అయితే సరే. ఔనయ్యా, నేనే తోలాను. మీ తాతకి ఏ పాపం తెలియదు. రాసుకో" అన్నారు. ఫోన్లో రికార్డు చేశాను.

అరవై ఆరేళ్ళు అత్తా! ఒక్క మాట. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే నాన్న బతుకు వేరుగా ఉండేది. ఆయన మంచినీళ్ళు ఇప్పిస్తే తాగలేదు.

డిసెంబరు 15న ఈ రికార్డింగు అందరికీ వినిపిస్తాను. విలేకరికి కూడా చెప్పాను. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాను. పైన తాత ఫోటో, కింద ఆయన పేరు. ఇంక నువ్వు తల ఎత్తుకుని తిరగొచ్చు.

తిరుమల


శృంగవరపుకోట,
22 నవంబరు 2024

తిరుమలా,

ఈ ఉత్తరం ఆగి ఆగి చదవకు, ఒక్క బిగిని చదువు. చదివాక ఫ్లెక్సీ చింపెయ్యి.

ఆ చెక్క నాది.

మీ తాత నా కోసం కోయించాడు. ఆదివారాలు బండిని నాగావళికి తీసుకెళ్ళి కడిగేవాడు. తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద మనుషులుండరు. స్టీరింగు మధ్యలో చిన్న పిడి ఉంటుంది చూశావా, పైకి తోస్తే బండి కదులుతుంది, కిందికి లాగితే ఆగిపోతుంది. పిల్లలకి కాళ్ళు అందకపోయినా పరవాలేదు. నాన్న నన్ను చెక్క మీద కూర్చోబెట్టి, తను కుడివైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి, నడక వేగంలో తోలించేవాడు. "సూడవే మరిడీ, నీకన్న బాగా ఆ దొరలు కూడా తోలనేరు" అనేవాడు. ఆ ఇత్తడి బిళ్ళ విప్పి నా గౌనుకి పెట్టేవాడు. తిరుమలా, అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. పెళ్ళి రోజు కూడా.

రేవు దగ్గర్నించి గట్టు వంపు దాకా నేను, వంపు నుంచి బంగళా దాకా చిన్నతల్లి. అలా ఒప్పందం. అది వంపు దగ్గర నిలబడి ఎదురుచూసేది.

ఆ రోజు వంపు వచ్చింది. దాన్ని ఎక్కించడానికి నాన్న ఫుట్‌బోర్డు దిగాడు. నేను పిడి కిందికి లాగాలి. గాభరాలో చెయ్యి దానికి అందలేదు. బండి సాగిపోయింది. నాన్న వెనకే పరిగెత్తాడు. చిన్నతల్లి వంపుకి అడ్డంగా పడి ముందుకి పరిగెత్తి, చేతులు చాపి దారికి అడ్డంగా నిలబడింది, నవ్వుతూనే. నేను స్టీరింగు తిప్పాను. ఎడమవైపు తగిలింది. గట్టు కింద రాళ్ళ మీద పడింది.

చిన్నబాబు గారు ఏటి ఒడ్డున ఉన్నారు, అంతా చూశారు. మొదట వచ్చింది ఆయనే. నాన్న ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "బాబూ, పిల్ల బండిలో నేదు. నానే తోలాను. మీరు సూసింది నన్నే" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్విక్కడ నేవు, ఇంటికాడ ఉన్నావు. పరిగెట్టు" అన్నాడు. పరిగెత్తాను. బిళ్ళ గౌనుకే ఉండిపోయింది. ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది.

మా అమ్మ పెద్దింటి అబ్బాయి మీదకి కథ కట్టింది. ఆమెకి కూడా నిజం తెలియదు. ఊళ్ళో సగం మంది ఆ కథే నమ్మారు. చిన్నబాబు గారి మొహం మీద ఉమ్మిన వాళ్ళున్నారు. ఆయన నోరు విప్పలేదు. ఎవరి కోసమో తెలిసింది కదా. నేనూ నోరు విప్పలేదు, నాకేం సాకు ఉందో నాకే తెలియదు. పన్నెండు వందల మంది పిల్లల్ని ఈ చేతులతో బయటికి తీశాను. ప్రతి కాన్పులోనూ బిడ్డ ఏడ్చేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు.

ఆయన్ని ఏమీ అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మరిడమ్మ


శ్రీకాకుళం,
29 నవంబరు 2024

అత్తకు,

నీ ఉత్తరం 26న వచ్చింది. 25న పేపర్లో పడింది. జిల్లా పేజీలో, ఆయన ఫోటోతో. విలేకరి 15 దాకా ఆగలేదు. రికార్డింగు నేనే పంపాను, మన చుట్టాలందరికీ కూడా పంపాను. ఇప్పుడు అది ఎంతమంది దగ్గర ఉందో తెలియదు.

మర్నాడే విజయనగరం వెళ్ళాను. వాళ్ళ కోడలు గుమ్మంలోనే ఆపింది. గేటు మీద ఎవరో బొగ్గుతో రాశారు, ఏం రాశారో నీకు రాయలేను. ఆయన లోపల్నుంచి విని రమ్మన్నారు. కాళ్ళ మీద పడ్డాను. "లే, లే. మీ తాతకి మాటిచ్చాను. అరవై ఆరేళ్ళు నిలబెట్టాను, ఇంకెన్నాళ్ళుంటాను? ఈ నాలుగు రోజుల కోసం మాట పోగొట్టకు. పేపర్లో పడింది పడిందే, అలా ఉండనీ" అన్నారు. అబద్ధం చెప్పించుకుని, ఆయన్ని బజారుకీడ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చినవాణ్ణి నేను.

నీ మీద కోపం ఉంది. దాచను. నాన్న ఏడవడం నువ్వూ చూశావు, నేనూ చూశాను. నిజం తెలిసి చూసింది నువ్వొక్కదానివే. కానీ ఉత్తరం మడిచి పెట్టేటప్పుడు ఆ తొమ్మిదేళ్ళ పిల్ల గట్టు మీద పరిగెత్తడమే కళ్ళ ముందు ఉంటోంది. ఏం చెయ్యను?

నేను ఇప్పుడు నిజం చెబితే నిన్ను బజారుకీడ్చినట్టు. చెప్పకపోతే ఆయన హంతకుడిగా పోతారు. నాకు చేతకావడం లేదు. నువ్వే చెప్పు అత్తా. ఏం చెబితే అది చేస్తాను.

బండి రంగు పూర్తికాలేదు. మూడు రోజులుగా షెడ్డు తలుపు తియ్యలేదు.

తిరుమల


మన ఊరు,
8 డిసెంబరు 2024

నాయనా తిరుమలా,

నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. నేనే చేశాను.

మొన్న బస్సులో విజయనగరం వెళ్ళాను. ముందు చిన్నబాబు గారింటికి. పలక పట్టుకెళ్ళాను, ఆయన రాస్తే నేను చదువుకున్నాను. బాగా కోప్పడ్డారు. "ఎల్లాజీకి నేనేం చెప్పుకోను?" అని రాశారు. ఆయనకంటే ముందు నేనే వెళ్తానేమో, నేనే చెప్పుకుంటానన్నాను. ఇద్దరం నవ్వాం, ఇద్దరం ఏడ్చాం. గేటు మీద రాత నా చీర కొంగుతో నేనే తుడిచాను. తర్వాత ఆ విలేకరి దగ్గరికెళ్ళి, అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. బిళ్ళ కూడా చూపించాను. రేపు వేస్తారట. ప్రదర్శనలో బోర్డు పెట్టు. మీ తాత గురించి నీకు తోచింది రాయించు, కానీ తోలింది మరిడమ్మ అని స్పష్టంగా రాయించు.

పేపర్లో చూసి తెలుసుకోవడం కంటే నా నోటితో వినాలని ఈ పొద్దుటే చిన్నతల్లి చెల్లెలు లక్ష్మణమ్మ దగ్గరికి వచ్చాను. ఆవిడ అప్పడాలు ఎండబెట్టుకుంటోంది. నేను చెబుతుంటే చెయ్యి ఆగలేదు. నీకు రాసినట్టే చెప్పాను, గాభరాలో పిడి అందలేదనీ, చిన్నతల్లి చేతులు చాపి నిలబడిందనీ. అంతా విని, నాకు అర్థమయ్యేలా మొహం దగ్గరగా పెట్టి అడిగింది. "మాయప్ప ఆఖర్న ఏటన్నాది?"

అరవై ఆరేళ్ళుగా నా చెవుల్లో ఉన్నది అదే. చెప్పాను. "'దిగవే మరిడీ, ఇప్పుడు నా వంతు' అన్నాది" అని.

ఆవిడ చెయ్యి ఆగింది. అరవలేదు, ఏడవలేదు. పెదాలు చూసి చదువుకున్నాను.

"మరి దిగనేదేటే నువ్వు?"

తిరుమలా, నీకు రాసిన ఉత్తరంలో కూడా నేను అబద్ధం ఆడాను. పిడి నా చేతిలోనే ఉంది. కిందికి లాగడం నాకు బాగా తెలుసు. పైకి తోశాను. ఇంకొంచెం దూరం తోలాలనిపించింది, అంతే. ఆ మాట ఆవిడకి చెప్పాను.

ఆవిడ లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. అప్పడాల మీదకి కోళ్ళు వస్తుంటే తోలుతూ, ఆవిడ అరుగు మీదే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరైనా బజారుకి వెళ్తుంటే డబ్బాలో వెయ్యమంటాను. నా కోసం బండి పంపకు, నువ్వూ రాకు. ఆవిడ తలుపు తీసేదాకా నేను ఇక్కణ్ణుంచి లేవను.

మీ అత్త,
మరిడమ్మ